పియానోలో తుమ్మెద

ఇల్లన్నాక చప్పుళ్లు ఉండవూ? ఫ్యాను కిర్రుమంటుంది, కుళాయి టప్పుమంటుంది. నాలుగు రోజులు విసుక్కుని అయిదో రోజు నుంచి పట్టించుకోం. పియానోలో పుట్టే 'జుయ్' మాత్రం అలా వదలదు. మెట్టు నొక్కినప్పుడల్లా వినిపించి, ప్రాణం తీస్తుంది.

చిత్రమేమిటంటే, తంబూరాకైతే ఆ ఝుంకారమే అందం. తీగకీ బ్రిడ్జికీ మధ్య నూలుపోగు పెట్టి, అటూ ఇటూ జరిపి మరీ దాన్ని పలికించుకుంటాం. తంబూరాకి ప్రాణమైనది పియానోకి రోగమన్నమాట!

సికింద్రాబాదులో మా పక్కింటి పియానో టీచరుగారికి ఈ రోగమే పట్టుకుంది. ఆవిడకి డెబ్బై దాటాయి. ఒక మెట్టు నొక్కితే చాలు, తుమ్మెద రొద. పాఠానికొచ్చే పిల్లలు ఒక్కరూ కిక్కురుమనలేదు. దాంతో ఆవిడ, "పియానోకేం కాలేదండీ, నా చెవులే పోయాయి. ఇక పాఠాలు మానేస్తాను" అని తేల్చేశారు.

మేం బలవంతం చేస్తే, పియానోలు బాగుచేసే ఆయన్ని పిలిపించారు. వచ్చినాయన పెట్టె విప్పుతాడనుకున్నాం. అబ్బే! ఎడమ చివర నుంచి 88 మెట్లూ ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయాడు. నడిమి 'ఎ' దగ్గర తుమ్మెద పలికింది.

"అమ్మా, మీరు దీన్నే నొక్కుతూ ఉండండి" అని లేచాడు.

ఆ మెట్టు తీగలు సెకనుకి 440 సార్లు అదురుతాయి. ఆ అదురు వెనకున్న చెక్కపలకకి, దాన్నించి గాలికీ నేలకీ పాకుతుంది. గదిలో వదులుగా ఉన్న వస్తువేదైనా అదే లెక్కన అదిరే రకమైతే, పిలవని పేరంటానికొచ్చి వంత పాడుతుంది. అందుకని ఆయన మూత బందుల మీద చెయ్యి వేశాడు, పెడల్సు పట్టుకున్నాడు, పైనున్న పూలకుండీ తీశాడు, కిటికీ అద్దం అదిమాడు. రొద ఆగలేదు. చివరికి, శిష్యులు గెలిచిన కప్పులు దాచుకున్న అద్దాల బీరువా మీద అరచెయ్యి ఆనించాడు. రొద టక్కున ఆగింది!

బీరువా అద్దం గాడిలో వదులైందంతే. పాత శుభలేఖ ఒకటి మడిచి సందులో దోపాడు. వైద్యం పూర్తి.

"మాకూ వినిపించింది టీచర్, మీరేమనుకుంటారోనని..." అని అప్పుడు నసిగాడొక కుర్రాడు. ఆవిడకి నవ్వాలో కొట్టాలో తెలియలేదు. "వినపడ్డది చెప్పకపోతే ఇంక సంగీతమేం నేర్చుకుంటావురా?" అని వాడిచేత స్వరాలన్నీ రెండుసార్లు వాయించారు. మర్నాటి నుంచి పాఠాలు మామూలే.

మీ ఇంట్లో పియానో ఉండి జుయ్‌మంటే, ముందు దానిమీది ఫొటోలూ బొమ్మలూ దించి చూడండి. బందుల మరలు వదులైతే నెమ్మదిగా బిగించండి. అప్పటికీ ఆగకపోతే లోపలి చెక్కపలక పగిలిందేమో తెలిసినవాళ్లకే చూపించాలి. తీగల జోలికి మాత్రం పోకండి. సుమారు 230 తీగలు కలిసి పదిహేను, ఇరవై టన్నుల బిగువుతో లాగిపట్టి ఉంటాయక్కడ. వాటి దగ్గర శుభలేఖల వైద్యం పనికిరాదు!