ఫోన్లో చదివిన నంబరు

శుక్రవారం రాత్రి కరెంటు పోయి వచ్చాక మందిరంలోని ప్రింటర్ పలకలేదు. తెల్లవారితే మన సంఘపు పెద్దామె భూస్థాపన. పాటల కాగితాలు 40 కావాలి. హైదరాబాదులో ఉంటున్న మన సహోదరుడు ఒకరు ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా మన లినక్స్ కంప్యూటర్‌లోకి వచ్చారు. మౌస్‌తో పనిలేదు, అన్నీ టైపు చేసే ఆజ్ఞలే. 'ఎల్‌పీస్టాట్' అని అడిగితే కంప్యూటర్ ఇంకా పాత ఐపీ చిరునామాకే పంపుతోందని తేలింది. కరెంటు వచ్చాక రౌటర్ ప్రింటర్‌కు వేరే నంబరు ఇచ్చేసిందట! ప్రింటర్ తెర మీది ఆ నంబరును మేము ఫోన్లో ఒక్కొక్క అంకెగా చదివాం. ఆయన 'ఎల్‌పీఅడ్మిన్'తో చిరునామా మార్చి, ఆగిపోయిన వరుసను 'కప్స్‌ఎనేబుల్'తో వదిలారు. నంబరు మళ్లీ మారకుండా రౌటర్‌లో ఖాయం చేశారు. ముసలివాళ్ల కోసం అక్షరాలు పెద్దవి చేయించాం. 40 కాగితాలూ వచ్చాయి.