లాడ్ బజార్‌లో లక్క గాజులు

చార్మినార్ దగ్గర నిలబడితే నాలుగు వైపులా నాలుగు దారులు. పడమటి దారి పట్టుకుంటే లాడ్ బజార్. చూడీ బజార్ అన్నా అదే. ఆటో అక్కడిదాకా రాదు, చార్మినార్‌కి ఇవతలే దింపేస్తారు. ఆ తర్వాత నడకే. పొద్దున్నే వెళ్లి ప్రయోజనం లేదు, పదకొండు దాటితేగానీ దుకాణాలు పూర్తిగా తెరుచుకోవు. పట్టపగలైనా లోపల లైట్లు వెలుగుతూనే ఉంటాయి. గాజుల మీద రాళ్లు మెరవాలి కదా మరి.

ఇండియా వెళ్లిన రెండు మూడు వారాల్లో బంధువుల ఇళ్లు, బ్యాంకు పనులు, పళ్ల డాక్టరు అన్నీ అయ్యాక, ఇంకా ఒక పూట మిగిలితే మనలో చాలామంది వెళ్లేది ఇక్కడికే. పెళ్లి ఉంటే తప్పనిసరి. చీర రంగు ముక్క ఒకటి పర్సులో పెట్టుకుని వెళ్లి, ఆ రంగుకి సరిపడే సెట్టు కోసం పది దుకాణాలు తిరగడం ఒక సరదా.

ఇక్కడి ప్రత్యేకత లక్క గాజులు. లక్క అంటే చిన్న చిన్న పురుగులు కుసుమ, మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చేరి, తమ చుట్టూ కట్టుకునే జిగురు. మన దేశంలో ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. భారతంలో పాండవుల కోసం కట్టించిన ఇల్లు ఈ లక్కదే. ఏటికొప్పాక బొమ్మలకి ఆ నునుపు, ఆ మెరుపు ఇచ్చేదీ ఇదే. మన తాతల కాలం నాటి గ్రామఫోను రికార్డులు కూడా లక్కతో చేసినవే, అందుకే కింద పడితే పగిలిపోయేవి.

గాజు చేసేవాళ్లు లక్కని బొగ్గుల పొయ్యి మీద మెత్తబరిచి, తెల్లని పొడి కలిపి, చపాతీ పిండిలా పిసుకుతారు. రంగు లక్కని పైన పూతలా పట్టించి, సన్నని కడ్డీలా సాగదీస్తారు. కొలతకి తుంచి, రెండు కొసలూ వేడి మీద అతికి, కొయ్య అచ్చుకి ఎక్కించి గుండ్రంగా చేస్తారు. వేడి చల్లారేలోపే ఒక్కో రాయినీ తీసి లక్కలోకి అదమాలి. చల్లారితే రాయి కూర్చోదు, మరీ వేడిగా ఉంటే మునిగిపోతుంది. వేళ్లు కాలడం మామూలే. కొన్ని దుకాణాల ముందు ఇలా కూర్చుని పనిచేసేవాళ్లు కనిపిస్తారు. మీ చేతికి వదులైతే మీ కళ్ల ముందే సరిచేసి ఇస్తారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది.

ఈ పనికి ఇంకో ముఖం కూడా ఉంది. 2015 జనవరిలో పాతబస్తీలోని భవానీనగర్ ప్రాంతంలో పోలీసులు సోదాలు చేసి, గాజుల కార్ఖానాల్లో పనిచేస్తున్న రెండు వందలమందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చినవాళ్లు. అది తెలిశాక నేను బేరం ఆడే పద్ధతి మారింది. బేరం ఆడకుండా ఆ బజారులో ఎవరూ ఏదీ కొనరు, నేనూ ఆడతాను. కానీ మరీ తక్కువకి ఇస్తానంటే సంతోషం వేయదు. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు అని అడుగుతాను. కొందరు చిరాకు పడతారు, కొందరు తమ ఇంటి ఆడవాళ్లే రాళ్లు పొదుగుతారని ఓపిగ్గా చెబుతారు.

కొలత సంగతి చెప్పాలి. మన గాజుల సైజులు రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అని కదా చెప్పుకుంటాం. ఇది దశాంశం కాదు. మొదటి అంకె అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. రెండు-నాలుగు అంటే లోపలి వ్యాసం రెండుంబావు అంగుళాలు, అంటే సుమారు 57 మిల్లీమీటర్లు. రెండు-ఎనిమిది అంటే రెండున్నర అంగుళాలు. విదేశాల్లో పుట్టి పెరిగిన మన పిల్లలకి 2.4 అని మెసేజ్ పెడితే అది రెండు పాయింట్ నాలుగు అంగుళాలనుకుని కొలిచి తికమక పడతారు. ఒక పాత గాజు లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో కొలిచి పంపమనండి, గొడవ ఉండదు.

గాజుల చరిత్ర మన దేశ చరిత్రంత పాతది. 1926లో మొహంజోదారో తవ్వకాల్లో దొరికిన కంచు నాట్యకత్తె బొమ్మ పట్టుమని పదకొండు సెంటీమీటర్లు లేదు. ఎడమ చేతికి మాత్రం భుజం దాకా గాజులే గాజులు. కుడి చేతికి నాలుగు. నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఎవరేమనుకుంటే నాకేం అన్నట్టు నిలబడి ఉంటుంది.

మన ఊళ్లలో అసలు గాజులంటే లక్కవి కావు, మట్టి గాజులు. గాజుతో చేసినవాటిని మట్టి గాజులని ఎందుకంటాం అని మా అమ్మాయి అడిగితే, ఇసుక కరిగిస్తే వచ్చేదే కదా గాజు అని సర్దిచెప్పాను. వీటిని మలారంగా కట్టి భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి అమ్మినవాళ్లు గాజుల బలిజలు. 1844లో మద్రాసులో క్రెసెంట్ పత్రిక పెట్టిన తెలుగాయన లక్ష్మీనరసు శెట్టి ఇంటిపేరు కూడా గాజులే. పరాయి మగవాడు ఇంటి ఆడవాళ్ల చెయ్యి పట్టుకున్నా ఎవరూ తప్పుపట్టని సందర్భం గాజులవాడు వచ్చినప్పుడే. అరుగు మీద కూర్చోబెట్టి, చెయ్యి నలిపి నలిపి, పగలకుండా ఎక్కించేవాడు. వెళ్లేటప్పుడు చల్లగా ఉండమ్మా అని దీవించేవాడు.

బారసాలకి నల్ల గాజులు, శ్రీమంతానికి చేతి నిండా గాజులు, వరలక్ష్మీ వ్రతానికి వచ్చిన ముత్తైదువులకి తాంబూలంలో గాజులు. బెజవాడ కనకదుర్గమ్మకి కార్తీక మాసంలో గాజులతోనే అలంకారం చేస్తారు. ఇంత శుభమైన వస్తువు మగవాళ్ల నోట మాత్రం తిట్టు. "చేతులకి గాజులు తొడుక్కుని కూర్చున్నావా?" అంటారు. ఆ గాజుల చేతులే రుబ్బుతాయి, ఉతుకుతాయి, నాట్లు వేస్తాయి. ఇప్పుడైతే ఆఫీసులో కీబోర్డు మీదా ఉంటాయి. గాజులు తొడుక్కుని ఊరికే కూర్చున్నవాళ్లని నేనైతే చూడలేదు.

మా మేనకోడలి పెళ్లికి అమ్మని తీసుకుని లాడ్ బజార్ వెళ్లాను. నాన్న పోయి అప్పటికి రెండేళ్లు. పెళ్లికూతురికి, పిల్లలకి అన్నీ ఎంచింది అమ్మే. రంగుల విషయంలో ఆవిడ కన్ను తప్పదు. దుకాణం అబ్బాయి, ఇరవై ఏళ్లు ఉంటాయేమో, "అమ్మా, చెయ్యి ఇటివ్వండి, మీకూ చూస్తా" అన్నాడు. అమ్మ చెయ్యి కొంగులోకి తీసేసుకుంది. "నాకెందుకు నాయనా, పిల్లలకి చూడు." అతనికి అర్థమైందో లేదో, రాళ్లు లేని మెరూన్ రంగు జత ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "సాదాగా ఉన్నయమ్మా, వేసుకోండి." అమ్మ కాసేపు చూసి వేసుకుంది. రెండు-ఆరు, సరిగ్గా సరిపోయాయి.

ఆటోలో మలక్‌పేట దాకా అవి చేతికే ఉన్నాయి. ఇంటి సందు మలుపులో తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "పిన్ని వాళ్లు వచ్చి ఉంటారే" అంది.

రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. పెళ్లి దాకా వెళ్లిన సంస్కరణ, ఇన్నేళ్లయినా ఒక జత గాజుల దగ్గర ఇంకా తడబడుతోంది. బారసాలనాడు చేతికి ఎక్కినవి, ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన భర్తతో పాటు ఎందుకు పోవాలో నాకు ఎప్పటికీ అర్థం కాదు. అమ్మతో వాదించలేదు. ఆవిడ బ్యాగు ఆవిడ ఇష్టం. పెళ్లినాడు ముహూర్తం అయ్యాక, భోజనాల దగ్గర చూస్తే ఆ మెరూన్ జత చేతికి ఉంది. ఇద్దరు చూసి చూపు తిప్పుకున్నారు. పిన్ని మాత్రం "ఎక్కడ కొన్నావక్కా, బావున్నాయి" అంది.

మీరు వెళ్లేట్టయితే ఒకటి రెండు మాటలు. లక్కకి వేడి పడదు. పొయ్యి దగ్గర వంట చేసేటప్పుడు తీసేయండి, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఎండలో కారులో అసలు వదలొద్దు. సూట్‌కేసులో గాజుల కర్ర పెట్టెకన్నా, పాత చున్నీలో చుట్టి బట్టల మధ్య పెట్టడమే నయం. రంజాన్ నెలలో బజారు అర్ధరాత్రి దాటినా కళకళలాడుతూ ఉంటుంది. ఆ జనం, ఆ వెలుగు, ఆ హలీమ్ వాసన ఇష్టమైతే అప్పుడే వెళ్లండి. చంటిపిల్లల్ని మాత్రం అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లండి.