శుక్రవారమే మా ఆదివారం

1994 సెప్టెంబరులో నర్సు ఉద్యోగం కోసం నేను కువైట్ వెళ్లాను. పుట్టింది చిక్కడపల్లిలో, చదువుకున్నది నారాయణగూడలో. బషీర్‌బాగ్ దాటితేనే దూరం వెళ్లినట్టు అనిపించేది. బేగంపేట విమానాశ్రయంలో అమ్మ నా చేతిలో బైబిలు పెట్టి, "ఆదివారం మందిరం మానకు తల్లీ" అంది.

తీరా వెళితే అక్కడ ఆదివారం పనిదినం. సెలవు శుక్రవారం. మొదటి ఆదివారం ఉదయం ఏడున్నరకు వార్డులో మందులు ఇస్తున్నాను. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఇంటి దగ్గర పదయింది, ఆరాధన మొదలై ఉంటుంది అనుకోగానే కళ్లు నిండిపోయాయి.

అరబ్బీ రాదు. అయితే కుర్చీని వాళ్లు "కుర్సీ" అంటారు. మందు "దవా", కలం "కలమ్", లెక్క "హిసాబ్". హైదరాబాదు పిల్లకు ఇవన్నీ ఎరిగిన మాటలే. మాటలు వచ్చాయి గాని మనసు కుదురుకోలేదు. ఎడారి ఎండ, దుమ్ము తుఫాను, తలుపులు మూసుకున్న గది. రెండు నెలలకే రాజీనామా రాసి పెట్టెలో దాచుకున్నాను.

ఆ రోజుల్లో మా వార్డులో ఒక ముసలమ్మకు తోడుగా ఆ ఇంటి పనిమనిషి వచ్చింది. నా తెలుగు యాస విని దగ్గరకు వచ్చి, "అక్కా, మాది రాయచోటి కాడ పల్లె. ఈ జాబు రోంత సదివి పెడతావా?" అంది. ఆ ఉత్తరం వచ్చి పదిరోజులైందట. చదివేవాళ్లు లేక జాకెట్టులోనే దాచుకుని తిరుగుతోంది.

కూతురు రాసిన ఉత్తరం అది. మేక ఈనింది, చెల్లికి ముందు పన్ను ఊడింది, నువ్వెప్పుడొస్తావు అని రాసింది. నాచేత మూడుసార్లు చదివించుకుంది. తరువాత తన సంగతి చెప్పింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్ మీద పడినప్పుడు, అందరితోపాటు జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, విమానంలో ఇల్లు చేరిందట. ఆ ఏడు మన ప్రభుత్వం లక్షమందికి పైగా భారతీయులను అలాగే తీసుకువచ్చింది. "మరి మళ్లీ ఎందుకు వచ్చావు?" అన్నాను. "అప్పు తీరలేదక్కా" అంది.

ఆమెకు శుక్రవారం కూడా సెలవు లేదు. నాకు సెలవూ ఉంది, చదువూ ఉంది. ఆ రాత్రి ఆమె చెబుతుంటే జవాబు రాసి పోస్టు చేశాను. తరువాత ఇంకొకరు వచ్చారు, ఇంకొకరు వచ్చారు. శుక్రవారం ఆరాధన కాగానే ఉత్తరాలు చదవడం, రాయడం నా పని అయింది. పెట్టెలోని రాజీనామా సంగతి మరచిపోయాను.

యిర్మీయా 29వ అధ్యాయంలో బబులోను చెరలో ఉన్నవారికి ప్రవక్త పంపిన ఉత్తరం ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అని దాని సారం. ఆ బబులోను ఉన్నది కువైట్‌కు పొరుగునున్న ఇరాక్‌లోనే. ఇంటిమీద బెంగ పోయాక కాదు, అక్కడ ఒకరికి నా అవసరం పడ్డాకనే ఆ ఊరు నాదైంది.

మీ ఇంటినుండి ఎవరైనా ఇంటిపనికి కువైట్ వెళుతుంటే ఒక్క సంగతి తెలిసి ఉండాలి. 2015లో అక్కడ వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివారికి వారానికొక రోజు జీతంతో కూడిన సెలవు ఉంది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు. ఒప్పందం మీద వేలిముద్ర వేసే ముందు చదువుకున్నవారిచేత చదివించుకోండి.

ఇప్పుడు ఫోనులోనే ముఖాలు చూసుకుంటున్నాం. మంచిదే. కాని డబ్బు అందిందా అన్న మాటతో మొదలుపెట్టకండి. మేక ఈనిన సంగతి ముందు చెప్పండి.