మూతపడ్డ గని, మిగిలిన దారి: స్పెయిన్‌లో మా సైకిల్ చుట్టు

నేను చదివింది నాలుగో తరగతి దాకే. సోలాపూర్‌లో ఒక మిల్లులో పని చేసినా. అది మూతపడ్డాక పవర్‌లూమ్ కారఖానాల్లో సాంచాలు నడిపినా. పాళీ ఏదైనా పనికి పోవడం, రావడం ముప్పై ఏళ్ళకు పైగా సైకిల్ మీదే. ఆ అలవాటే ఇప్పుడు నన్ను స్పెయిన్ దేశం మ్యాపు ముందు కూర్చోబెట్టింది.

మా చిన్నోడు ఆ దేశంలో వలెన్సియా అనే సముద్రపు ఒడ్డు పట్నంలో కంప్యూటర్ పని చేస్తున్నాడు. "బాపూ, సెప్టెంబర్‌ల రా, ఇద్దరం సైకిళ్ళ మీద తిరుగుదాం" అన్నాడు. వాడి మనసులో ఉన్నది సముద్రం పక్కన చదును దారి. నేను పట్టుబట్టింది లోపలి కొండల దారి. ఎందుకో చెప్తా.

వలెన్సియా నుంచి లోపలికి సుమారు 140 కిలోమీటర్లు పోతే తెరువేల్ అనే ఊరు వస్తుంది. అదే ఆ జిల్లాకు ముఖ్య పట్నం. ఆ జిల్లా విస్తీర్ణం ఇంచుమించు మన సోలాపూర్ జిల్లా అంతే. 2011 లెక్కల్లో మన జిల్లాలో 43 లక్షల మంది ఉన్నారు. అక్కడ లక్షన్నర కూడా లేరు. పని లేక పిల్లలు పట్నాలకు పోయారు, ఊర్లలో ముసలోళ్ళు మిగిలారు. 1999లో అక్కడివాళ్ళు ఒక ఉద్యమం పెట్టుకున్నారు. దాని పేరు "తెరువేల్ ఎక్సిస్తే", అంటే తెరువేల్ ఉంది అని. మేమింకా ఉన్నాం అని చెప్పుకోవలసి రావడం ఎట్లుంటదో మిల్లు చాళ్లలో బతికినవాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు.

ఆ జిల్లాలోనే ఓహోస్ నెగ్రోస్ అనే ఊరుంది. మాటకు మాట అర్థం చెప్తే "నల్ల కళ్ళు". అక్కడ ఇనుప గనులుండేవి. ఆ ఇనుపరాయిని సముద్రం దగ్గరి సగుంతోకు చేర్చడానికి గని కంపెనీ సుమారు 200 కిలోమీటర్ల రైలు దారి సొంతంగా వేసుకుంది. పక్కనే ఇంకో కంపెనీ రైలు ఉన్నా బాడుగ దగ్గర బేరం కుదరలేదట. 1907లో బండ్లు నడవడం మొదలైంది, 1972లో ఆగిపోయాయి. 1984లో సగుంతోలో ఇనుము కరిగించే కొలిమి ఆరింది. తర్వాత గనులూ మూతపడ్డాయి.

అక్కడ పట్టాలు పోయినా కట్ట పోలేదు. స్పెయిన్‌లో ఇట్లాంటి పాత రైలు దారుల్ని నడిచేవాళ్ళకు, సైకిళ్ళకు ఇచ్చే పని 1993లో మొదలైంది. వాటిని "వియా వెర్దే" అంటారు, అంటే పచ్చ దారి. ఇప్పుడు దేశమంతా కలిపి 3,000 కిలోమీటర్లు దాటాయి. ఓహోస్ నెగ్రోస్ దారి వాటిలో చాలా పొడుగైనది. మా మిల్లు భోంగా ఆగిన తర్వాత గేటు ముందర గడ్డి మొలిచింది, లోపలికి తొంగి చూడ్డానికి కూడా దారి లేకపోయింది. మూతపడ్డ చోట నలుగురు నడిచే దారి మిగిలిందంటే అది నా కళ్ళతో చూడాలనిపించింది.

ఇక మా చుట్టు సంగతి. తెరువేల్‌లో ఎక్కి తెరువేల్‌లోనే దిగడం. మా లెక్కకు సుమారు 230 కిలోమీటర్లు, ఆరు రోజులు. వయసు పిల్లలు మూడు రోజుల్లో కొట్టేస్తారు. మాకు తొందర లేదు.

మొదటి రోజు తెరువేల్ నుంచి అల్బర్రాసిన్. తెరువేల్ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అక్కడి నుంచి గ్వదలవియార్ నది పక్కనే ఎక్కుతూ పోవాలి. అల్బర్రాసిన్ ఎర్రమన్ను రంగు ఇళ్ళతో, కొండ మీదికి పాకిన పాత కోటగోడతో ఉంటుంది. ఈ నదే కింద తూరియా అని పేరు మార్చుకొని వలెన్సియా చేరుతుంది. 1957లో పెద్ద వరద వచ్చాక అక్కడ నదిని ఊరి బయటికి మళ్ళించారు. పాత నది గర్భం ఇప్పుడు పొడుగాటి తోట. మా చిన్నోడు ఆ తోటలోనే సైకిల్ తొక్కి ఆఫీసుకు పోతాడు. "నువ్వు రోజూ తొక్కే నది ఎక్కడ పుట్టిందో చూపిస్త రా" అంటే అప్పుడు ఒప్పుకున్నాడు.

రెండో రోజే అన్నిటికంటే కష్టం. నది పుట్టిన దిక్కుకే పోవాలి, అంటే రోజంతా ఎక్కుడే. రాత్రికి గ్వదలవియార్ ఊరు. నదికీ ఊరికీ ఒకటే పేరు. అక్కడ గొర్రెల కాపరుల మ్యూజియం ఉంది. చలికాలం వస్తే ఈ కొండల కాపరులు మందలు తోలుకొని దక్షిణాన ఆండలూసియా దాకా నడిచిపోయేవాళ్ళు. బతుకు కోసం ఊరు విడిచి పోవడం, మళ్ళీ రావడం వాళ్ళకు కొత్త కాదు. తాహో అనే పెద్ద నది కూడా ఈ కొండల్లోనే పుట్టి, వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి, పోర్చుగల్‌లో లిస్బన్ దగ్గర సముద్రంలో కలుస్తుంది.

మూడో రోజు గ్రియెగోస్, ఒరివెలా దెల్ ట్రెమెదాల్ మీదుగా బ్రొంచాలెస్. గ్రియెగోస్ 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అంతా దేవదారు జాతి చెట్ల అడవి. నాలుగో రోజు దిగుతూ ఓహోస్ నెగ్రోస్. అయిదో రోజు చదును పొలాల మధ్య శాంతా ఏవులాలియా. ఆరో రోజు పచ్చ దారి పట్టుకొని తెరువేల్.

ఎక్కుడు మాట అందరూ అడుగుతున్నారు. మన పాత సైకిల్‌కు ఒకటే పళ్ళచక్రం. దాంతో తుల్జాపూర్ ఘాట్ ఎక్కాలంటే దిగి తోయాల్సిందే. వీటికి గేర్లుంటాయి. ముందర 30 పళ్ళు, వెనక 34 పళ్ళు వేస్తే పెడల్ ఒక చుట్టు తిరిగినా చక్రం ఒక చుట్టు తిరగదు. మోటారు పుల్లీ చిన్నదై, సాంచా పుల్లీ పెద్దదైతే వేగం తగ్గి బలం పెరుగుతుంది గదా, అదే లెక్క. ఇది చెప్పినప్పుడు మా చిన్నోడు "బాపూ, నీకు నేను నేర్పేదేముంది" అన్నాడు.

నిజానికి నాకు కొండల కంటే నీళ్ళ గురించే బెంగ. ఊరికీ ఊరికీ మధ్య మనిషి కనబడడు. చిన్న ఊర్లలో దుకాణమే ఉండదు. ఉన్నా మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా మూసేస్తారు, ఆదివారం చాలాచోట్ల తెరవరు. కొన్ని ఊర్లకు రొట్టెల బండి వస్తుంది. హారన్ కొడితే ముసలోళ్ళు సంచి పట్టుకొని బయటికొస్తారు. భోంగాకు లేచిన ఒళ్ళు మాది, హారన్ వినబడకుండా పోదు. ఊరి నడుమ నీళ్ళ ధార ఉంటుంది గాని, "నో పోతాబ్లే" అని రాసి ఉంటే తాగొద్దని అర్థం. అందుకే తలా మూడు లీటర్ల నీళ్ళు, ఒక పూట తిండి ఎప్పుడూ సంచిలో ఉండాలని రాసుకున్నాం. ఊరి బయట రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకోవాలని అక్కడి చట్టం.

నెల కూడా చూసే పెట్టుకున్నాం. ఆగస్టులో ఎండ మాడుస్తుంది. చలికాలం అసలే వద్దు. ఈ జిల్లాలోనే కలమోచా దగ్గర 1963 డిసెంబర్‌లో మైనస్ 30 డిగ్రీలు పడింది. సెప్టెంబర్‌లో పగలు హాయి, రాత్రి చలి. వీసాకు పోయేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. 30,000 యూరోలకు తక్కువ కాకుండా వైద్య బీమా తీసుకోవాలి.

మా ఇంటామె మాత్రం "అరవై దాటినంక ఈ కొండలెందుకయ్యా, కొడుకును చూసి రారాదు" అంది. ఆమె మాట తీసేసేది కాదు. నా కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు పట్టేస్తుంది. డాక్టరుకు చూపించినా. మెల్లగా తొక్కొచ్చు, బరువు మోయొద్దు అన్నాడు. ఇప్పుడు వారానికి మూడు రోజులు తెల్లవారుజామున తుల్జాపూర్ రోడ్డు మీద తొక్కుతున్నా. రెండో రోజు ఎక్కుడు తర్వాత మోకాలు వాస్తే చుట్టు అక్కడితో ఆపి, కారు పిలిపించుకొని వెనక్కి రావాలని ముగ్గురం ఒప్పందం చేసుకున్నాం. ఆ మాట మీదే ఆమె సరే అంది.

సామాను మనిషికి పది కిలోలు దాటొద్దని చిన్నోడి షరతు. బట్టలు రెండు జతలే. ఒక సోలాపూరి చద్దర్ మాత్రం తీయనన్నా. "చలికి నిద్రసంచి ఉంది గదా బాపూ, ఇంత బరువెందుకు" అన్నాడు. అది నాకు కాదు. ఓహోస్ నెగ్రోస్‌లో గనిలో పని చేసిన నా ఈడు మనిషి ఒక్కడైనా దొరకకపోడు. ఆయన పక్కన కూర్చొని ఒక మాట అడగాలి: గని మూసిన మర్నాడు పొద్దున లేచి ఏం చేసినవయ్యా అని. మా చిన్నోడు వాళ్ళ భాషలో చెప్తాడు. ఆ జవాబు విన్నాక చద్దర్ ఆయన చేతిలో పెడతా.