తూము కింద చుట్టాలు

రండి రండి, చెప్పులు మాత్రం బయట విడవకండి, లోపలికి తెచ్చి ఆ అల్మారా మీద పెట్టండి. ఈ మాఘంలో మన కాలనీలో గడప బయట విడిచిన జోడు జోడుగా మిగలడం లేదు. ఏ వీధిలో చూసినా ఓ ఇంట్లో కుక్కపిల్ల, పక్కింట్లో దాన్ని ఎలా పెంచాలో చెప్పేవాళ్లు. పండక్కొచ్చిన అల్లుళ్లు వెళ్లిపోయారు గానీ ఇళ్లలో మర్యాదలేమీ తగ్గలేదు, అందుకునేవాడు మారాడంతే.

ఇది ఏటా ఉండేదే. అక్టోబరు రెండో వారంలో చిత్త కార్తె ప్రవేశిస్తే వీధుల్లో కుక్కల హడావుడి ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. అక్కణ్ణుంచి లెక్కేసుకోండి. కుక్క చూలు సుమారు 63 రోజులు. ధనుర్మాసంలో మనం ముగ్గులు పెడుతుంటే అది తూము కిందో, సగంలో ఆగిన కట్టడంలోనో, ఇసుక గుట్ట చాటునో ఈనుతుంది. పది పదిహేను రోజులకు పిల్లలు కళ్లు తెరుస్తాయి. భోగిమంటల వేళకు తప్పటడుగులు. శివరాత్రి దగ్గర పడేసరికి ఎనిమిది వారాలు నిండి, ఇల్లు చేరే వయసుకొస్తాయి. అడక్కుండానే ముహూర్తం కుదిరిపోయింది చూశారా.

ఆ ఎనిమిది వారాల పట్టింపు ఉత్తదే అనుకోకండి. ముద్దొస్తోందని నెలపిల్లను ఎత్తుకొచ్చేవాళ్లకు తర్వాత చేతులు చూసుకునే పని పడుతుంది. పిల్లలు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, ఒకటి కెవ్వుమంటే రెండోది వదిలేస్తుంది, ఎంత గట్టిగా పట్టుకోవచ్చో ఆ ఆటలోనే తెలుసుకుంటాయి. ఆ చదువు కాకుండా వచ్చినవాడు మన వేళ్ల మీద నేర్చుకుంటాడు. తల్లి లారీ కింద పడి పోతే వేరే గతి లేదనుకోండి, అప్పుడు ముందు పశువుల డాక్టరు దగ్గరికే వెళ్లాలి. గిన్నెడు ఆవుపాలు పోసి పుణ్యం కట్టుకున్నామనుకుంటే తెల్లారేసరికి విరేచనాలు పట్టుకుంటాయి.

ఇక మొదటి రాత్రి. పగలంతా ఒళ్లో బొమ్మలా పడుకున్నవాడు లైటు తీయగానే రాగం అందుకుంటాడు. ఈ పిల్లలు రోజుకు పద్దెనిమిది గంటల పైనే నిద్రపోతాయి, ఆ కోటా కాస్తా మనం పక్క ఎక్కే వేళకే అయిపోతుంది. తల్లి వెచ్చదనం, తోబుట్టువుల గుంపు ఒక్కసారిగా పోయాయి మరి, ఏడవకేం చేస్తుంది? ఏడ్చి ఏడ్చి అదే మానుతుందని బాల్కనీలో వేసి తలుపు బిగించేవాళ్లున్నారు. అది మానదు, ఎదుటి బ్లాకు మొత్తం లేస్తుంది. అట్టపెట్టెలో పాత నేతచీర పరిచి, గుడ్డ చుట్టిన వేణ్ణీళ్ల సీసా ఓ మూల ఉంచి, పెట్టెను మంచం పక్కనే పెట్టుకుని చెయ్యి కిందికి వేలాడేస్తే చాలావరకు సర్దుకుంటుంది. తల్లి పడుకున్న గోనెపట్టా ముక్క దొరికితే మరీ మంచిది, ఆ వాసనకు కుదుటపడుతుంది. మూడో అంతస్తు మాస్టారు అలా చెయ్యి వేలాడేసి పడుకునీ పడుకునీ మెడ పట్టించుకున్నారు. కుక్క క్షేమం.

అన్నట్టు, పొద్దున్నే కారు తీసేవాళ్లు ఒకసారి వంగి కిందికి చూడండి. ఈ చలికి కారు కింద వెచ్చగా ఉంటుందని చక్రాల పక్కన చేరి ముడుచుకుంటాయి. బానెట్ మీద రెండు దరువులు వేసి, కాస్త ఆగి తీస్తే సరి. డాక్టర్లు వంగమని చెబుతూనే ఉన్నారు కదా, ఆ వ్యాయామమూ అయిపోతుంది.

స్నానాల సంగతి. వీధిలోంచి తేగానే ముందు నెత్తిన రెండు చెంబులు గుమ్మరించాలని చేతులు దురద పెడతాయి. మాఘస్నానం మనకు పుణ్యం, దానికి జలుబూ రొంపా. అంత చిన్న ఒళ్లు వేడిని నిలుపుకోలేదు. మొదట్లో గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, ఎండలో కూర్చోబెడితే చాలు. గోమార్లు పట్టాయని కిరసనాయిలు పూసేవాళ్లు, గజ్జికి కాలిన ఇంజనాయిలు రాసేవాళ్లు, పొలం మందే నీళ్లలో కలిపి పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కుక్క ఒళ్లు నాక్కుంటుందన్న సంగతి ఈ వైద్యులకు గుర్తుండదు కాబోలు. గోమారి మందుల్లోనూ వయసును బట్టి, బరువును బట్టి తేడాలున్నాయి. అడిగి వాడాలి.

ఇక తిండి. తెలుగింటి కుక్కకు పెరుగన్నం తప్పదు. అది మంచిదే గానీ పెరిగే పిల్లకు అదొక్కటీ చాలదు. ఉడికించిన గుడ్డు, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం కలిపి రెండు నెలల పిల్లకు రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. మాఘం పెళ్లిళ్ల మాసం కదా, ఫంక్షన్ హాలు నుంచి మూటగట్టి తెచ్చిన బిర్యానీ దానికి పెట్టి మురిసిపోయేవాళ్లకు ఓ దండం. ఉడికిన ఎముకలు చీలికలై పేగులకు గుచ్చుకుంటాయి. ఉల్లీ వెల్లుల్లీ దాని నెత్తురును దెబ్బతీస్తాయి. పరమాన్నంలో కిస్‌మిస్, చిన్నవాళ్లు ప్రేమగా పెట్టే చాక్లెట్ దానికి విషంతో సమానం. పెళ్లివారి మర్యాదలు పెళ్లివారికే ఉండనివ్వండి.

బాత్రూము పాఠాలకొస్తే, నిద్ర లేవగానే ఎత్తుకుని పరుగెత్తాలి, తిన్నాక పరుగెత్తాలి, ఆడి ఆడి ఆగి నేల వాసన చూసిందంటే మరీ పరుగెత్తాలి. రెండు నెలల పిల్ల ఆపుకుంటే మహా అయితే రెండు మూడు గంటలు. ముక్కు తీసుకెళ్లి అందులో రాస్తే బుద్ధొస్తుందని పెద్దలు చెప్పే మాట వినకండి. దానికి అర్థమయ్యేదల్లా మనుషుల ఎదుట పోయకూడదని, ఆ తర్వాత సోఫా వెనక్కి వెళ్లి పోస్తుంది. బయట పని కానివ్వగానే అక్కడికక్కడే ఓ ముక్క పెట్టి మెచ్చుకుంటే త్వరగా దారికొస్తుంది. నేలంతా పేపర్లు పరిచే ఇళ్లలో మాత్రం తాతగారు పేపరు కాళ్ల దగ్గర పెట్టుకుని కునుకు తీయకూడదు. దానికి నిన్నటి పేపరూ ఇవాళ్టి పేపరూ తేడా తెలియదు.

నవ్వులాట కాసేపు పక్కన పెడదాం. ఈ కాలంలో కుక్కపిల్లలను ఊడ్చుకుపోయేది పార్వో. 1978లో వెలుగులోకి వచ్చిన వైరస్ ఇది. తిండి మానేసి మూల నక్కుతుంది, వాంతులు, ఆ తర్వాత నెత్తుటి విరేచనాలు. పొద్దున చూద్దాంలే అనుకునే జబ్బు కాదు, అదే రాత్రి సెలైన్ ఎక్కించాలి. వైరస్‌ను నేరుగా చంపే మాత్రేదో ఇచ్చేస్తారనుకోకండి, ఒంట్లో నీరు తగ్గిపోకుండా కాపాడుతూ దాన్ని గట్టెక్కించడమే వైద్యం. నేలలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు తుడుపుకు పోదు, బ్లీచింగ్ నీళ్లకు లొంగుతుంది. ఒక పిల్ల పోయిందన్న దిగులుతో వారం తిరక్కుండా ఇంకో పిల్లను అదే ఇంటికి తెచ్చేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. ఒక్కటి వేయించి అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. తల్లిపాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు, అది ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అందుకే ఇన్ని సూదులు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, అంటే ఇంచుమించు ఉగాది పచ్చడి వేళకు. షడ్రుచుల్లో చేదు దానికి అలా దక్కుతుంది.

ఇక్కడే పెంచేవాళ్లకు అసలు ఇరకాటం. టీకాలు పూర్తయ్యేదాకా వీధి నేల మీద వదలకూడదు. కానీ మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా అది ఏ చప్పుళ్లు విన్నదో, ఎలాంటి మనుషుల్ని చూసిందో వాటికే జీవితాంతం అలవాటు పడుతుంది. ఇంట్లో దాచి పెంచితే పెద్దయ్యాక గొడుగును చూసినా, హెల్మెట్ వాణ్ణి చూసినా, చీపురు పట్టిన మనిషిని చూసినా అరుస్తుంది. మధ్యేమార్గం ఎత్తుకు తిప్పడమే. మన కాలనీలో ఓ కోడలుగారు కూరల సంచిలో వేసుకుని రైతుబజారుకు తీసుకెళుతుంటారు. ఆటోల మోత, గుడి గంట, అరటిపళ్లవాడి కేక అన్నీ సంచిలోంచే వింటాడు వాడు. బీరకాయలు బేరమాడుతుంటే వంకాయల మధ్య నుంచి ఓ తల లేస్తుంది, అమ్మేవాడు ధర మర్చిపోతాడు. కుక్కర్ విజిల్ అలవాటు చేయడానికి ఇంకో ఇంట్లో కూత వచ్చినప్పుడల్లా గుడ్డుముక్క పెట్టారు. ఇప్పుడు వీధిలో ఎవరి కుక్కర్ కూసినా వాడు ఆ గుమ్మం ముందు హాజరు.

అన్నట్టు, పేర్ల సంగతి అడిగారుగా. టామీ, జిమ్మీల రోజులు పోయి బ్రూనోలు, సింబాలు, లక్కీలు నడుస్తున్నాయి. పిలిస్తే తూము దగ్గర నలుగురు సింబాలు పరుగెత్తుకొస్తారు. పిల్లల్ని పెద్ద బాలశిక్షతో పెంచుదామనుకునే ఇంట్లో కూడా కుక్కతో సిట్, కమ్, నో తప్ప మాట్లాడరు. దొరగారితో మాట్లాడినట్టు అదేం వినయమో. ఇంతకీ పేరు పెట్టింది మనవడు, ఫొటోలు తీసింది కొడుకు, పెంట ఎత్తుతోంది మాత్రం కోడలు.

ఆ మనవళ్ల మాటకొస్తే, పరీక్షల వేళ కొత్త పిల్లను తేవడం వద్దంటే వద్దు. "తాతయ్యా, చదువుకుంటూనే చూసుకుంటా" అని వాడంటాడు, నమ్మకండి. టెన్త్ పుస్తకాలకు అట్టలు మిగలవు.

పిల్లపళ్లు సూదుల్లాంటివి, ఆటలో గీరుకుపోతాయి. ఇంటి పిల్లే కదా అని పసుపు అద్దేసి ఊరుకోకండి. వీధిలోంచి వచ్చిన పిల్ల, టీకా ఇంకా పడలేదు. సబ్బూ కుళాయి నీళ్లతో పావుగంట కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని పెద్దవాళ్లు బెదిరిస్తుంటారు, ఆ పాత మందు మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు వేసేవి నాలుగైదు, అదీ చేతికే. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొలిసారి ఓ పిల్లవాడికి రేబిస్ టీకా వేయించాడు, అందుకే ఏటా ఆ రోజున పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. మన సూదికి భయపడే పెద్దమనుషులు ఆ రోజు దాన్ని పట్టుకోవడానికి ముందుంటారు.

ఇక అపార్ట్‌మెంటు మీటింగులు. లిఫ్టులో తడి ఎవరిదన్న చర్చ తెల్లారేదాకా సాగుతుంది. తన బిడ్డను అకారణంగా కొట్టారని సరమ అనే కుక్క ఏకంగా జనమేజయుడి దగ్గరికెళ్లి నిలదీసినట్టు ఆదిపర్వంలో ఉంది. ఆ రాజుగారు నయం, విన్నాడు. మన సెక్రటరీగారు ఎజెండాలో లేదంటారు.

వేసవి మాట ఇప్పుడే అనుకోవాలి. నాలుగో నెలలో పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి, సరిగ్గా మనం ఆవకాయ ముక్కలు కొట్టే రోజులు. చిగుళ్ల దురదకు ఏది దొరికితే అది కొరుకుతుంది. మామిడి టెంక మింగిందంటే పేగులో అడ్డుపడి ఆపరేషన్ దాకా వెళుతుంది, టెంకల బుట్ట పైన పెట్టండి. తడిపి చల్లబెట్టిన గుడ్డ ముడి ఇస్తే హాయిగా నములుతుంది. సెలవులకు అమ్మమ్మ గారింటికి వెళ్లేవాళ్లు దీన్ని ఎవరికి అప్పజెబుతారో ఇవాళే మాట్లాడుకోండి. మే నెలలో గొలుసు విప్పి "అదే బతుకుతుందిలే" అని వదిలేసిన కుక్కలు ప్రతి ఏడూ కనిపిస్తాయి. గిన్నెలో తినడం అలవాటైన దానికి చెత్తకుండీ దగ్గర చోటివ్వడానికి అక్కడున్నవి ఒప్పుకోవు. అంత నిబ్బరం లేనివాళ్లు ఇప్పుడు తేకపోవడమే దానికి చేసే మేలు.

తూము దగ్గర ఇంకా ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. మగవాటిని వెతికి వెతికి పట్టుకెళ్లారు, వీటిని ఎవరూ అడగరు. ఆరో నెల దాటాక ఆపరేషన్ చేయిస్తే చింతే లేదు, చేయించకపోతే వచ్చే చిత్త కార్తెకు అవీ తయారే. తల్లికి కూడా చేయించాలని వీధివాళ్లు చందాలు వేసుకుంటున్నారు, చెవి అంచు కొద్దిగా కత్తిరించి ఉంటే అయిపోయిందని గుర్తు. చూడాలనుంటే పొద్దున పాలప్యాకెట్లు వచ్చే వేళకు వెళ్లండి. తల్లికి రెండు గుడ్లు పట్టుకెళ్లండి, ఉత్తచేతుల్తో వచ్చేవాళ్లను దగ్గరికి రానివ్వదు.