అత్తయ్య రక్తపరీక్ష కాగితం

మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. కరెంటు బిల్లులు, రేషన్ కార్డు జిరాక్సులు, పిల్లల టీకాల కార్డులు అన్నీ అందులోనే. రెండేళ్ల కిందటి అత్తయ్య రక్తపరీక్ష కాగితం కూడా అందులోనే ఉంది. దాన్ని పారేయమని మా ఆయన చాలాసార్లు అన్నారు. నాకే మనసొప్పలేదు. ఎందుకంటే ఆ కాగితాన్ని తప్పుగా చదివింది నేనే.

మాది పర్ణశాల. గుడికి వెళ్లే దారిలో కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు, పిల్లల బొమ్మలు అమ్మే చిన్న కొట్టు మాది. శ్రీరామనవమికి భద్రాచలంలో కల్యాణం చూసినవాళ్లు మర్నాడు మా ఊరు వస్తారు. సీతమ్మ వాగు, రాళ్ల మీద నారచీరల గుర్తులు అన్నీ చూసి గోదావరి ఒడ్డున కాసేపు కూర్చుని వెళ్తారు. ఆ రెండు మూడు రోజుల బేరమే మాకు సగం ఏడాది బేరం. అందుకని ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికీ జబ్బు చేసే తీరిక ఉండదు.

ఆ సంవత్సరం నవమి మర్నాడు సాయంత్రం అత్తయ్య కొట్టులోంచి లేచి వచ్చి వసారాలో పడుకుంది. చెమటలు కారుతున్నాయి. ఎండాకాలం కదా, మాకందరికీ చెమటలే. కడుపు పైన పట్టేసినట్టుందంది, ఒకసారి వాంతి అయింది. "ఏం కాలేదే, గ్యాసు. పొద్దుట్నించి పులిహోర తప్ప ఏం తిన్లేదు" అంది. వాము నీళ్లు కాచి ఇచ్చాను. రాత్రి రెండుసార్లు లేచి కూర్చుంది. నేను చూశాను, చూసి మళ్లీ పడుకున్నాను. పొద్దున్నే లేచి మళ్లీ కొట్టుకి బయల్దేరింది గానీ నాలుగు అడుగులు వేసేసరికి ఆయాసం. మొహం వాడిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం రక్తపరీక్ష చేయించాం. సాయంత్రానికి కాగితం చేతికొచ్చింది. ఒక్క అంకె మాత్రం నల్లగా లావుగా అచ్చయి ఉంది. ఎస్‌జీఓటీ 142. పక్కన ఉండాల్సింది 40 లోపు అని రాసుంది. ఆ వరస మొత్తానికి పైన "లివర్ పరీక్షలు" అని ఉంది. ఇంకేం చూడాలి? వాంతులు, నీరసం, అన్నం సయించకపోవడం, లివర్ పరీక్షలో తేడా. "కామెర్లు అత్తయ్యా" అని తేల్చేశాను. డిగ్రీ మధ్యలో ఆపేసిన కోడలు కాగితం చదివి చెప్పింది కదా, అందరూ నమ్మారు.

నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి ఇచ్చాను. నూనె మానిపించాను. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. ఆవిడ రోజూ వేసుకునే బీపీ మాత్ర ఆపేయించాను. లివర్ బాగాలేనప్పుడు మాత్రలెందుకు, వేడి చేస్తాయి అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

మూడు రోజులు గడిచాయి. కళ్లు పచ్చబడలేదు. మూత్రం రంగు మారలేదు. కామెర్లకి అసలు గుర్తులే లేవు, అయినా నేను అంకెనే నమ్మాను. నాలుగో రోజు బాత్రూము నుంచి వచ్చి గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఆటోలో భద్రాచలం తీసుకెళ్లాం. ముప్పై కిలోమీటర్ల పైన దారి. గతుకు వచ్చినప్పుడల్లా ఆవిడ నా చెయ్యి నొక్కేది.

డాక్టరుగారు నా కాగితం తీసుకుని నాలాగా ఒక్క గీత దగ్గర ఆగలేదు. కిందిదాకా చూశారు. "బిలిరుబిన్ 0.8, మామూలే. ఎస్‌జీపీటీ 38, మామూలే. ఎస్‌జీఓటీ ఒక్కటే ఇంతుంది." అని కాగితం పక్కన పెట్టి అత్తయ్య వైపు తిరిగారు. "పెద్దమ్మా, ఈ పరీక్షకి ముందు రోజు నొప్పేమన్నా వచ్చిందా?"

అప్పుడు చెప్పింది. వీపు మధ్యలో రెండు భుజాల నడుమ బండ పెట్టినట్టు నొప్పి. దవడ కిందికి లాగడం. ఎడమ చెయ్యి తిమ్మిరి. ఇవేవీ మాకు చెప్పలేదు. "నవమి రోజుల్లో ఎట్లా చెప్పేది? కొట్టు మూసుకోమంటావా?" అంది నా వైపు చూసి. నేనూ అడగలేదు. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా "ఎక్కడ నొప్పి" అని అడగలేదు. కాగితం చేతిలో ఉంది కదా, ఇక మనిషిని అడగడమెందుకు అన్నట్టు.

ఈసీజీ తీశారు. ట్రోపోనిన్ అని ఇంకో రక్తపరీక్ష చేశారు. నవమి మర్నాటి సాయంత్రం వచ్చింది గ్యాసు కాదు, గుండెపోటు.

ఖమ్మం పంపించారు. ఆరోగ్యశ్రీ మీద యాంజియోగ్రామ్ చేసి స్టెంటు వేశారు. బతికింది. కానీ గుండె కండరంలో కొంత భాగం పోయింది, అది తిరిగి రాదని చెప్పారు. మొదటి కొన్ని గంటల్లో వచ్చి ఉంటే ఇంత పోయేది కాదని కూడా చెప్పారు. ఆ మాట వాళ్లు నన్ను అనలేదు, మామూలుగా చెప్పారు. నాకు మాత్రం నన్నే అన్నట్టుంది.

ఆ తర్వాత నెలల తరబడి ఒకటే ప్రశ్న. లివర్ పరీక్షలో గుండె ఎందుకు కనిపించింది? ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ ఒకరిని అడిగి, కొంత చదివి తెలుసుకున్నాను. మీక్కూడా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఎస్‌జీఓటీ అనేది మన ఒంట్లో కణాల లోపల ఉండి పనిచేసే ఒక ఎంజైము. ఇప్పుడు కొన్ని కాగితాల్లో ఏఎస్‌టీ అని కూడా రాస్తున్నారు, రెండూ ఒకటే. కణం బాగున్నంతసేపు అది లోపలే ఉంటుంది. కణం దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. కుండ పగిలితే నీళ్లు బయటికొచ్చినట్టే. కాకపోతే ఆ కుండ లివర్‌లోనే ఉండాలని లేదు. గుండెలో ఉంది, కాళ్ల చేతుల కండరాల్లో ఉంది, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంది. రక్తం తీసేటప్పుడు ఆ కణాలు పగిలినా అంకె కొంచెం పెరుగుతుందట. ఎస్‌జీపీటీ అలా కాదు, అది ఎక్కువగా లివర్‌దే. అందుకే రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. 1957లో ఇటలీకి చెందిన ఫెర్నాండో డీ రిటిస్ అనే ఆయన ఈ రెంటి నిష్పత్తి చూడాలని చెప్పారు. ఇప్పటికీ దానికి ఆయన పేరే.

ఇంకో సంగతి తెలిసినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ ఎస్‌జీఓటీ మొదట పేరు తెచ్చుకున్నది లివర్ పరీక్షగా కాదు, గుండె పరీక్షగానే! 1954లో న్యూయార్క్‌లో లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే ముగ్గురు, గుండెపోటు వచ్చినవాళ్ల రక్తంలో ఇది పెరుగుతోందని కనిపెట్టారు. గుండెపోటు తర్వాత కొన్ని గంటల్లో పెరగడం మొదలై, ఒకటి రెండు రోజుల్లో బాగా ఎక్కువై, నాలుగైదు రోజుల్లో మామూలుకి వచ్చేస్తుంది. లివర్ జబ్బుల్లో కూడా పెరుగుతుందని ఆ వెంటనే తెలిసింది. తర్వాత గుండెకి ఇంతకన్నా మంచి పరీక్షలు వచ్చాయి కాబట్టి ఇది లివర్ వరసలో ఉండిపోయింది.

ఆ మంచి పరీక్షే ట్రోపోనిన్. 1980ల చివర్లో జర్మనీలో హ్యూగో కాటుస్ అనే డాక్టరు బృందం రక్తంలో గుండె ట్రోపోనిన్ కొలిచే పద్ధతి తయారుచేసింది. గుండె కండరంలో ఉండే ట్రోపోనిన్ వేరేగా ఉంటుంది కాబట్టి అది రక్తంలో కనిపిస్తే గుండె వైపే చూడాలి. వారం, పది రోజుల దాకా రక్తంలో ఉంటుంది. నాలుగో రోజు వెళ్లినా అత్తయ్య సంగతి బయటపడింది అందుకే. దీనికీ మెలికలున్నాయి. నొప్పి వచ్చిన వెంటనే చేస్తే మామూలుగా కనిపించవచ్చు, అందుకే కొన్ని గంటలు ఉంచి మళ్లీ తీస్తారు. "ఒకసారి బాగానే వచ్చిందిగా, ఇంటికి పోతాం" అనకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో గుండెపోటు లేకపోయినా కొంచెం పెరిగి ఉండవచ్చు. ఏ అంకె అయినా మనిషిని పక్కన పెట్టుకుని చదవాల్సిందే.

అసలు రక్తంలో కంటికి కనపడని దాన్ని ఎలా కొలుస్తారా అనుకునేదాన్ని. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా పారాణి అవుతుంది కదా, చాలా పరీక్షల కిటుకు అలాంటిదే. ఒకటి కలిపితే రంగు మారుతుంది, ఎంత మారిందో చూసి ఎంత ఉందో లెక్క కడతారు. మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్కే అనే ఆయనతో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్‌ని నీలం రంగుతో కొలిచే పద్ధతిని 1925లో అచ్చువేశారు. ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి అని ప్రపంచమంతా వాడారు. పసుపు కుంకుమలు అమ్ముకునే నాకు ఇది చదివి ఎంత సంతోషమైందో!

ఇదంతా ఒకరోజు అత్తయ్యకి చెప్పాను. యాత్రికులకి మాయలేడి కథ చెప్పీ చెప్పీ పండిపోయిన మనిషి. కాసేపు ఆలోచించి, "అయితే మారీచుడి కేకలాంటిదన్నమాట. గొంతు ఒకరిది, అరిచింది ఇంకొకరు. ఆ కేక వినే కదా సీతమ్మ లక్ష్మణుణ్ణి పంపేసింది" అంది. నేను తల దించుకున్నాను. "నిన్నంటం లేదే" అని నవ్వింది. "సీతమ్మంతటిదే పొరపాటు పడింది."

ఇప్పుడు అత్తయ్య బిందె ఎత్తదు. కొట్టులో సాయంత్రం రెండు గంటలు కూర్చుంటుంది, అంతే. మందులు నేనే ఇస్తాను. ఏ మాత్రా డాక్టరు చెప్పకుండా ఆపను. లివర్ పరీక్ష కూడా అప్పుడప్పుడు చేయిస్తాం, కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటోంది కాబట్టి. పీహెచ్‌సీలో రక్తం ఇస్తే కొత్తగూడెం వెళ్తుంది. 2021 జూన్‌లో 19 జిల్లాల్లో ప్రభుత్వం పెట్టిన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాల్లో మా జిల్లాదీ ఉంది. పైసా ఖర్చు లేదు. ఆ కాగితాలకి ఒక నోటుబుక్కు జోడించాను. తారీఖు, అంకె, పక్కన ఆ రోజు ఆవిడ ఏం చెప్పిందో. "మెట్లెక్కితే ఆయాసం." "రాత్రి దగ్గు." "బాగుంది, పెసరట్టు తింది." డాక్టరుగారు ముందు ఆ పుస్తకమే అడుగుతారు.

ఒక్కమాట గట్టిగా చెప్పాలనుంది. గుండెపోటంటే సినిమాలో హీరోయిన్ నాన్నగారు గుండె పట్టుకుని పడిపోవడం ఒక్కటే కాదు. మన ఆడవాళ్లకి చాలాసార్లు వీపులోనో, దవడలోనో, కడుపు పైనో వస్తుంది. వాంతి, చల్లటి చెమట, ఎప్పుడూ లేనంత నీరసం, ఆయాసం. అలా ఉంటే వాము నీళ్లు కాస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీయమని అడగండి.

మొన్న రాత్రి ఆ నోటుబుక్కు రాస్తుంటే అత్తయ్య మంచం మీంచి చూస్తూ ఉంది. "అన్నీ నావే రాస్తన్నావు. నువ్వెప్పుడు చూపించుకున్నావే?" అంది. చిన్నాడు పుట్టాక నేను ఒక్క రక్తపరీక్షా చేయించుకోలేదు. వాడికి తొమ్మిదేళ్లు. ఆ మాటే చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా చెయ్యి చాపి పుస్తకం తీసుకుంది. చివరి నుంచి ఒక పేజీ తిప్పి, వచ్చీరాని అక్షరాలతో పైన నా పేరు రాసింది.

సోమవారం పీహెచ్‌సీకి వెళ్తున్నాం, ఇద్దరం.