కత్తి పట్టినవాడి వంతు: లేక్ జెనీవాలో ఒక శనివారం

“అన్నా, వచ్చే వారం నుంచి నేను రాను. నేనున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.”

మా బాబాయి కొడుకు నుంచి వాట్సాప్ మెసేజ్. చికాగో పక్కన షాంబర్గ్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి శుక్రవారం రాత్రి నలుగురం కూర్చుని డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. ఒకరు కథ నడిపిస్తారు, ఆయన్ని డంజియన్ మాస్టర్ అంటారు. మా దగ్గర అది నేనే. మిగతావాళ్లు తలో పాత్ర తీసుకుంటారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది 20 ముఖాల పాచిక చెబుతుంది. తమ్ముడిది ఫైటర్, అంటే కత్తి వీరుడు. ఒక ఫ్రెండ్‌ది విజార్డ్, మంత్రగాడు. ఇంకో ఫ్రెండ్‌ది క్లెరిక్, గాయాలు మాన్పే పూజారి.

వాడి కోపానికి లెక్క ఉంది. అందరూ ఐదో లెవెల్. ఫైటర్ తన వంతులో రెండు దెబ్బలు వేస్తాడు. తమ్ముడి పెద్ద కత్తికి దెబ్బకి సగటున 11. రెండూ తగిలితే 22. అదే విజార్డ్ ఫైర్‌బాల్ వేస్తే ఆరు ముఖాల పాచికలు ఎనిమిది, సగటు 28. అది కూడా ఒక్కడికి కాదు, ఆ మంటలో ఉన్న ప్రతివాడికీ. ఆరుగురు గుంపుగా దొరికారంటే మొత్తం 168! తమ్ముడి వంతు వచ్చేసరికి కొట్టడానికి ఎవరూ మిగలరు. ఐదు నెలలుగా ఇదే తంతు. వాడు ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం నేనూ గమనించాను. పనిలో అలసట అనుకున్నాను, అంతే.

ఫోన్ చేసి, “మానేద్దువుగానీ, ఈ శనివారం ఒక్కసారి నాతో రా, ఒక ఊరు చూసొద్దాం” అన్నాను.

రూట్ 12 పట్టుకుని వాయవ్యంగా గంటంబావు వెళితే విస్కాన్సిన్‌లో లేక్ జెనీవా వస్తుంది. సెప్టెంబర్ చివరి వారం. రోడ్డుకి రెండువైపులా ఎండిన మొక్కజొన్న చేలు, మధ్యమధ్యలో చీజ్ షాపుల బోర్డులు. ఇక్కడో తమాషా ఉంది. ఊరి పేరు లేక్ జెనీవా, సరస్సు పేరు జెనీవా లేక్. ఒకప్పుడు చికాగో ధనవంతులు సరస్సు ఒడ్డున పెద్ద పెద్ద బంగళాలు కట్టుకున్నారు. వాటి పచ్చిక మీదుగానే సుమారు 21 మైళ్ల కాలిబాట ఉంది, ఎవరైనా నడవొచ్చు. వచ్చినవాళ్లలో చాలామంది బోటు ఎక్కి, ఐస్‌క్రీమ్ తిని వెళ్లిపోతారు. మేం మాత్రం ముందు సెంటర్ స్ట్రీట్‌కి వెళ్లాం.

330వ నంబర్. మామూలు చెక్క ఇల్లు. గ్యారీ గైగాక్స్ ఇక్కడే ఉండేవాడు. చికాగోలో ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగం. 1970లో ఆ ఉద్యోగం పోయింది. తర్వాత బూట్లు బాగుచేసి డబ్బు సంపాదించేవాడు. “లేఆఫ్ అయ్యాక చెప్పులు కుట్టాడా!” అన్నాడు మా విజార్డ్. తర్వాత కాసేపు కారులో ఎవరూ మాట్లాడలేదు. మేం నలుగురం సాఫ్ట్‌వేరే మరి.

1972 చివర్లో మిన్నసోటా నుంచి డేవ్ ఆర్నెసన్ ఈ ఊరొచ్చి తన బ్లాక్‌మూర్ ఆట చూపించాడు. దాన్ని చూసి గైగాక్స్ రూల్స్ రాయడం మొదలుపెట్టాడు. కోట కింద సొరంగాలు గీసి ముందుగా తన పిల్లలతోనే ఆడించాడు. 1974లో ఆట మార్కెట్లోకి వచ్చింది. మూడు చిన్న పుస్తకాలున్న పెట్టె, ధర 10 డాలర్లు. మొదటి ముద్రణ 1000 ప్రతులు.

ఇల్లు చూసి సరస్సు వైపు నడుస్తూ తమ్ముడు అడిగాడు. “ఫైటర్‌కి అన్యాయం అప్పట్నుంచే ఉందా అన్నా?”

ఉంది, లేదు కూడా. మొదటి లెవెల్ మంత్రగాడికి అప్పట్లో రోజుకి ఒక్కటే మంత్రం. అది వాడేశాక చేతిలో మిగిలేది చిన్న బాకు. రెండో లెవెల్‌కి వెళ్లడానికి ఫైటర్‌కి 2000 పాయింట్లు చాలు, మంత్రగాడికి 2500 కావాలి. 1975లో వచ్చిన గ్రేహాక్ పుస్తకంలో ప్రాణం లెక్క కూడా మారింది. ఫైటర్‌కి లెవెల్‌కి ఎనిమిది ముఖాల పాచిక, మంత్రగాడికి నాలుగు ముఖాలదే. మొదట్లో కత్తివాడు మంత్రగాణ్ని కాపాడాలి, అలా బతికి బట్టకట్టినవాడు తర్వాత చెలరేగుతాడు. నెలల తరబడి ఆడితే లెక్క సరిపోతుందని ఆశ. కానీ మధ్యలో కూర్చున్నవాడికి ఆ ఓపిక ఉండాలిగా!

2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ దీన్ని సూటిగా సరిచేయబోయింది. కత్తివాడికీ మంత్రగాడికీ ఒకే పద్ధతిలో శక్తులు ఇచ్చింది. ఎప్పుడైనా వాడేవి కొన్ని, పోరాటానికి ఒకసారి కొన్ని, రోజుకి ఒకసారి కొన్ని. లెక్క కుదిరింది. కానీ అందరూ ఒకేలా ఉన్నారని చాలామంది పెదవి విరిచారు. అందరికీ ఒకే సైజు చొక్కా కుట్టిస్తే సమానమే, ఎవరికీ నప్పదు.

రివియెరా భవనం దగ్గర పరిచిన ఇటుకల్లో ఒకదాని మీద గైగాక్స్ పేరుంది. 2008 మార్చిలో ఆయన చనిపోయాడు. అక్కడ నిలబడి ఉండగా నాకు గుర్తొచ్చింది ఆయన కాదు, కర్ణుడు.

ఇంద్రుడిచ్చిన శక్తి ఆయుధం కర్ణుడికి ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నాడు. కృష్ణుడు ఏం చేశాడు? రాత్రి యుద్ధంలో ఘటోత్కచుణ్ని వదిలాడు. తట్టుకోలేక కర్ణుడు దాన్ని అతని మీదే వాడేశాడు. అప్పుడుగానీ కర్ణార్జునుల పోరు సమానం కాలేదు. కృష్ణుడు అర్జునుడి బాణాలకి బలం పెంచలేదు, కర్ణుడి ఆయుధం తగ్గించలేదు. దాన్ని వాడేసే పరిస్థితి తెచ్చాడు. ఘటోత్కచుడి ప్రాణమే దానికి మూల్యం అన్నది వేరే విషాదం.

మా ఆటలో తప్పు రూల్స్‌ది కాదు, నాది. మేం ఆడే 2014 రూల్స్‌లో విజార్డ్ మంత్రాలు దాదాపు అన్నీ ఎనిమిది గంటల నిద్ర తర్వాతే తిరిగొస్తాయి. ఫైటర్‌కి గంట విశ్రాంతి చాలు. రెండు నిద్రల మధ్య ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు పడతాయన్న అంచనాతో లెక్కలున్నాయి. నేనేమో శుక్రవారం టైమ్ సరిపోదని రోజుకి ఒకటే పెద్ద పోరాటం పెట్టి, తర్వాత అందర్నీ పడుకోబెట్టేవాణ్ని. అంటే విజార్డ్‌కి ప్రతిరోజూ దీపావళి.

పార్కులో బల్ల దొరికింది. పులిహోర డబ్బాలు పక్కన పెట్టి పాచికలు తీశాం. కథ చిన్నదే. సొరంగంలో బందీగా ఉన్న పాపని పొద్దుగూకేలోపు తేవాలి. గంట కూర్చోవచ్చు, నిద్ర కుదరదు. నాలుగు పోరాటాలు. మొదటిదాంట్లో శత్రువులు గుంపుగా లేరు, చెల్లాచెదురుగా ఉన్నారు. అయినా అలవాటుకొద్దీ రెండు ఫైర్‌బాల్స్ వెళ్లిపోయాయి. గంట విశ్రాంతిలో ఒకటి తిరిగొచ్చింది, అదీ రెండోదాంట్లో అయిపోయింది. మూడో పోరాటంలో ఇరుకు దారి, మధ్యలో ఊరి జనం. మంట వేస్తే మనవాళ్లే కాలిపోతారు.

నాలుగోసారి తలుపు దగ్గర రాక్షసుడు. విజార్డ్ దగ్గర మిగిలింది చిన్నా చితకా మంత్రాలే. తమ్ముడు ఫోన్ బోర్లా పెట్టాడు. “నేను తలుపులో నిలబడతా. నన్ను దాటి ఎవడూ రాడు” అన్నాడు. ప్రాణం ఆరు పాయింట్లకి పడిపోయింది. ఒకే వంతులో నాలుగు దెబ్బలు వేసే అవకాశం ఇంకా దాచుకుని ఉన్నాడు. వేశాడు. మూడు తగిలాయి. బల్ల మీద పులిహోర ఎగిరిపడింది.

తిరుగు ప్రయాణంలో మా విజార్డ్ గొణిగాడు. “చివరి రెండు పోరాటాల్లో నేను చేసిందేమీ లేదురా. బోర్ కొట్టింది.”

వెనక సీట్లోంచి తమ్ముడు నవ్వాడు. “ఒక్క రోజుకేనా? నేను ఐదు నెలలు అలాగే కూర్చున్నా.”

ఇద్దరిదీ నిజమే. వచ్చే శుక్రవారం ఇద్దరికీ వంతు ఉండేలా చూడాలి. ఒక గుంపు, ఒక ఇరుకు తలుపు. రూట్ 12 మీద కారు నడుపుతూనే మనసులో సొరంగం గీయడం మొదలుపెట్టాను.